లాయంలో మొదలయ్యే కొలువు

పల్నాడు పల్లెల్లో పశువు పోకడ తెలిసినవాళ్ళకు కొదవ లేదు. గుర్రపు స్వారీ నేర్పే వృత్తికి ఆ కన్నే సగం పెట్టుబడి. మిగతా సగం ఎక్కడ దొరుకుతుందో, ఎంత కష్టపడితే దొరుకుతుందో చూద్దాం.

నరసరావుపేటలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ జరిగే రోజున జనం చూపంతా బండ మీదే ఉంటుంది. జత తోలేవాళ్ళ చూపు మాత్రం గిత్త చెవుల మీద, తోక మీద, ముక్కుపుటాల మీద ఉంటుంది. చెవి ఎటు వాలింది, మెడ ఎక్కడ బిగిసింది, వెనక కాలు నేలను ఎలా తన్నిపట్టింది... కాడి మెడకెక్కకముందే ఆ పూట గిత్త ఎంతవరకు లాగుతుందో అంచనా కట్టగల రైతులు మాచర్ల, గురజాల, కారంపూడి ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. ఈ విద్యకు సర్టిఫికెట్ లేదు. తాత పక్కన నిలబడి, నాన్న వెంట నడిచి ఒంటబట్టించుకున్నది.

ఈ విద్యకు బయట గిరాకీ ఉందని మనవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్ శివార్లలోనూ బెంగళూరులోనూ గుర్రపు స్వారీ నేర్పే బళ్ళున్నాయి. వాటిలో చేరే పిల్లలకు మంచి బూట్లుంటాయి, హెల్మెట్ ఉంటుంది, ఫీజు కట్టే తల్లిదండ్రులుంటారు. పశువు పక్కన పెరిగిన అలవాటు మాత్రం ఉండదు. దాన్ని వాళ్ళకు దగ్గరుండి నేర్పే మనిషి కావాలి. స్వారీ అంటే పెద్దింటి పిల్లల వ్యవహారమన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. సొంతానికి స్వారీ చేయడం ఖరీదైన సరదాయే, కాదనను. దాన్ని నేర్పడం మాత్రం ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళ వృత్తి. పల్నాడు పిల్లలు ఆ పనికి పనికొస్తారని, నిజానికి చాలామందికంటే ముందుంటారని నా నమ్మకం.

కంఠకం పక్కన నడిచినవాడు

గుర్రం ఈ నేలకు కొత్తది కాదు. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టం ఉంది. కంఠకమనే గుర్రం బయల్దేరుతుంటే దాని వెంట సిద్ధార్థుడి సారథి చన్నుడు ఉంటాడు. లోకం సిద్ధార్థుణ్ణి చూసింది, గుర్రాన్ని చూసింది. ఆ రాత్రి గుర్రాన్ని మచ్చిక మీద నడిపించినవాడు చన్నుడు. మాచర్లకు దగ్గర్లోని నాగార్జునకొండను ఏలిన ఇక్ష్వాకుల్లో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినట్టు శాసనాలు చెబుతున్నాయి. కాకతీయుల కాలానికి గుర్రాల దళం, ఏనుగుల దళం చూసే అధికారికి సాహిణి అనే పెద్ద హోదా ఉండేది. గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని నృత్తరత్నావళి రాసిన పండితుడు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమంటూ గుర్రాల మీద ఏకంగా ఒక పద్యకావ్యమే రాశాడు. అంటే గుర్రాన్ని ఎరిగిన మనిషికి మన దగ్గర ఒకప్పుడు గౌరవం దక్కింది.

అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరటుడి కొలువులో ఏ పనికి కుదిరాడో మనకు తెలుసు. లాయం చూసుకునే పని. పాండవుల్లో అందగాడని పేరున్నవాడు అడిగి మరీ చేరిన ఉద్యోగం అది. ఇంటర్ పాసైన కొడుకు ‘గుర్రాల దగ్గర పనికి పోతా నాన్నా’ అంటే ‘చదివించింది గుర్రాలు కాయడానికట్రా?’ అని విరుచుకుపడే తండ్రులు ఈ మాట ఒకసారి గుర్తుచేసుకోవాలి.

తర్వాత కాలంలో మన స్టేషన్ల బయట జట్కాలు బారులు తీరేవి. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి, వాటితోపాటు గుర్రాన్ని ఎరిగిన కుటుంబాలూ వేరే పనుల్లోకి పోయాయి. దేశమంతటా ఇదే తంతు. 2012 పశుగణనలో దేశంలో 6.25 లక్షల గుర్రాలు, పోనీలు ఉంటే, 2019కి అవి 3.4 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్ళలో దాదాపు సగం. బరువులు మోసే గుర్రం తగ్గిపోతోంది. ఆటకు, శిక్షణకు, చికిత్సకు ఉపయోగపడే గుర్రం మిగులుతోంది. దాన్ని చూసుకునే మనిషికి కావలసిన చదువు కూడా ఆ మేరకు మారింది.

ముకుతాడు లేని జంతువు

గిత్తల దగ్గర పెరిగినవాడు లాయంలోకి అడుగుపెడితే మొదట కొన్ని అలవాట్లు మానుకోవాలి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాల్సి ఉంది, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే.

ఎద్దు ముకుతాడుతో మాట వింటుంది. గుర్రానికి ముకుతాడు లేదు. దాని నోట్లో ముందరి పళ్ళకూ వెనకటి దవడపళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ చిగురు ఉంటుంది. కళ్ళెం ఇనుము కూర్చునేది ఆ చిగురు మీద. మెత్తటి చోటది. పగ్గం గట్టిగా గుంజితే ఆ నొప్పి నేరుగా అక్కడ తగులుతుంది. గుంజేకొద్దీ గుర్రం తల పైకెత్తి ఎదురుతిరుగుతుంది, లేదా నోరు మొద్దుబారి ఇక ఏ సైగకూ పలకదు. గిత్తను ఆపిన బలంతో గుర్రాన్ని ఆపాలని చూసే కుర్రాడికి మొదటి వారంలోనే ఈ పాఠం అందుతుంది.

తలుగు పట్టుకునే తీరు కూడా వేరే. పశువును నడిపించేటప్పుడు తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకోవడం మనవాళ్ళకు అలవాటు. గుర్రం దగ్గర అది వేళ్ళు పోగొట్టుకునే పని. గుర్రం బెదిరితే పరుగెత్తుతుంది, అదీ ఒక్క క్షణంలో. తాడును మడతలుగా పేర్చి పిడికిట్లో పట్టుకోవాలి తప్ప చేతికి చుట్టకూడదు. ఈ ఒక్క అలవాటు మార్చడానికి కొందరికి నెలలు పడుతుంది.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా ముక్కు ముందరా, సరిగ్గా తోక వెనకా మాత్రం దానికి కనిపించదు. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్ళిన మనిషిని అది మనిషి అనుకోదు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ, కనిపిస్తూ వెళ్ళాలి. ఎద్దు కొమ్ముతో కుమ్ముతుంది, వెనక కాలితో పక్కకు విసురుతుంది. గుర్రం రెండు వెనక కాళ్ళూ ఎత్తి నేరుగా తంతుంది. ఎద్దు పడుకుని నెమరు వేస్తుంది. గుర్రానికి నెమరు లేదు, వాంతి చేసుకునే వీలూ లేదు. బూజు పట్టిన చొప్ప తిన్నా, దాణా ఒక్కసారే ఎక్కువ పడినా కడుపు శూల వస్తుంది. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. చీమిడి ముక్కు పిల్లను చూసి తల్లి జ్వరమని పసిగట్టినట్టు, కడుపు వైపు తిరిగి చూసుకుంటున్న గుర్రాన్ని చూసి శూల అని పసిగట్టగలిగేవాడే లాయంలో నిలబడతాడు.

ఇంతా చెప్పి మళ్ళీ మొదటి మాటకే వస్తాను. మార్చుకోవలసినవి అలవాట్లే. చూసే కన్ను, ఓపిక, తెల్లవారుజామున లేచి ముందు పశువుకు మేతవేసి తర్వాత తను తినే పద్ధతి... వీటిని కొత్తగా నేర్పడం చాలా కష్టం. మన పిల్లల దగ్గర అవి ఉన్నాయి.

రౌతు కొద్దీ గుర్రం

మంచి స్వారీబడిలో మొదటి రోజు పాఠం ఎలా ఉంటుందో చూద్దాం. పదేళ్ళ పాప హెల్మెట్ పెట్టుకుని, గుర్రం ఎక్కేద్దామన్న ఆత్రంతో వస్తుంది. శిక్షకుడు ఆమె చేతికి బ్రష్ ఇస్తాడు. మెడ నుంచి మొదలుపెట్టి, వెంట్రుకలు పెరిగిన దిశలోనే రుద్దమంటాడు. తర్వాత గుర్రం ముంగాలు ఎత్తించి, గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టినీ రాళ్ళనూ కొక్కెంతో మడమ నుంచి మునివేలి వైపు తీయించుతాడు. గిట్ట మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం ఉంటుంది, దాన్ని గీరకూడదు. పాప భయం ఈ అరగంటలోనే సగం పోతుంది. గుర్రానికి కూడా ఆ పాప వాసన, గొంతు అలవాటవుతాయి.

ఆ తర్వాత జీను. జీను కింద పరిచే గుడ్డలో ముడత ఉంటే గుర్రం వీపు పుండవుతుంది. పొట్ట కింద బిగించే పటకాను ఒక్కసారే బిగించరు. జీను వేసేటప్పుడు గుర్రం ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది, నాలుగడుగులు నడిపించాక మళ్ళీ చూసి బిగించాలి. ఈ రెండో బిగింపు మరిచిపోతే ఎక్కేటప్పుడే జీను పక్కకు జారి మనిషి కింద పడతాడు. నేర్పేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా ప్రతి పిల్లదీ ప్రతిసారీ తన చేత్తో తడిమి చూస్తాడు. చూడనివాడి దగ్గర మీ పిల్లల్ని చేర్చకండి.

ఎక్కాక పగ్గాలు పాప చేతికి ఇవ్వరు. గుర్రాన్ని పొడవాటి తాడుతో శిక్షకుడే తన చుట్టూ గుండ్రంగా తిప్పుతుంటాడు. పాప చేతులు నడుం మీద, చూపు ముందుకు. ‘కిందికి చూడొద్దమ్మా, ఎటు పోవాలో అటే చూడు’, ‘మడమ దించు నాన్నా’, ‘ఊపిరి బిగపట్టకు, నాతో మాట్లాడు’. శిక్షకుడి గొంతు గంటసేపు ఇలా సాగుతూనే ఉంటుంది. చెవి, భుజం, తుంటి, మడమ నాలుగూ ఒకే నిట్టనిలువు గీత మీదికి రావాలి. నడక నాలుగు అడుగుల లయ. ట్రాట్ రెండు అడుగులది, ఎగరేస్తుంది. ఆ ఎగురుకు తగ్గట్టు లేచి కూర్చోవడం వస్తే సగం స్వారీ వచ్చినట్టే. కాంటర్ మూడు అడుగుల లయ, అది చాలా నెలల తర్వాతి ముచ్చట. అమరకోశం కూడా గుర్రపు నడకలను ఐదు ధారలుగా విడదీసి పేర్లు పెట్టిందంటే, ఈ లయలను మన పెద్దలు ఎంత శ్రద్ధగా గమనించారో అర్థమవుతుంది.

ఇక్కడే శిక్షకుడి అసలు నేర్పు బయటపడుతుంది. అతను ఒకేసారి రెండు వెన్నెముకలను చూడాలి. పాప ఎడమకు వాలితే గుర్రం ఎడమ భుజం మీద బరువు పడుతుంది, అది అడుగు కుదించుకుంటుంది. పాపకు ‘గుర్రం నడవడం లేదు సార్’ అనిపిస్తుంది. గుర్రానికి తన మీద ఉన్న బరువు కుదురుగా లేదనిపిస్తుంది. ఇద్దరికీ భాష లేదు. మధ్యలో నిలబడి పాప తుంటిని ఒక్క అంగుళం సర్దితే గుర్రం మెడ దించి, చెవులు వదులుచేసి, అడుగు సాచి వేస్తుంది. రౌతు కొద్దీ గుర్రమని ఊరికే అనలేదు. రౌతును దిద్దితే గుర్రం తనే సర్దుకుంటుంది. భయంతో వచ్చిన పిల్లకు, పొగరుతో వచ్చిన కుర్రాడికి ఒకే మాట పనికిరాదు. భయపడే పిల్లకు నెమ్మది గుర్రాన్నివ్వాలి, పొగరున్నవాడికి తప్పు చేస్తే కదలకుండా నిలబడిపోయే మొండి గుర్రాన్నివ్వాలి. ఏ గుర్రం మీద ఎవరిని ఎక్కించాలన్న తీర్పులోనే శిక్షకుడి తెలివంతా ఉంది.

ఆ తీర్పులో గుర్రం పక్షం వహించడం కూడా ఉంది. మనిషి, జీను కలిసి గుర్రం బరువులో ఐదోవంతు దాటకూడదని ఒక లెక్క. 400 కిలోల గుర్రానికి 80 కిలోలు. అంతకు మించినవాళ్ళు డబ్బెంత ఇస్తామన్నా ఎక్కించకూడదు. వీపు నొప్పి ఉన్న గుర్రానికి ఆ వారం సెలవివ్వాలి. యజమానికి రాబడి పోతుందని తెలిసినా ‘ఈరోజు ఇది పనిచేయదండీ’ అనగలగాలి. నలుడు బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి దగ్గర పనిచేస్తున్నప్పుడు రథానికి బక్కపలచని గుర్రాలను ఏరితే రాజు సందేహించాడని కథ. గుర్రం సత్తా తెలిసిన పనివాడి మాటే చివరికి నిలిచింది. అశ్వహృదయం తెలిసినవాడి తీర్పు అది.

ఎక్కడ నేర్చుకోవాలి

పల్నాడులో ఉండి ఈ వృత్తి నేర్చుకోవడం ఇప్పటికి కుదరని పని. బయటికి వెళ్ళాలి. వెళ్ళే దారులు మాత్రం ఒకటికి నాలుగున్నాయి.

అన్నిటికంటే నిజాయితీగల దారి గ్రూమ్‌గా చేరడం. మన భాషలో సయీసు. మేత, నీళ్ళు, లాయం శుభ్రం, గుర్రాన్ని కడగడం, నడిపించడం. హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, అజీజ్‌నగర్ వైపు పోలో, స్వారీ క్లబ్బులున్నాయి. మలక్‌పేటలో రేసుకోర్సు ఉంది. రేసుగుర్రం పని వేరు, స్వారీబడి పని వేరు అయినా లాయం క్రమశిక్షణ రెండింటికీ ఒకటే. ఏడాది రెండేళ్ళు గ్రూమ్‌గా చేసినవాడికి తెలిసిన గుర్రం, నేరుగా స్వారీ కోర్సులో చేరినవాడికి తెలియదు. ఇది చిన్నతనం అనుకున్నవాళ్ళు ఈ వృత్తిలోకి రాకపోవడమే మేలు.

చదువు దారి కావాలనుకునే బైపీసీ విద్యార్థులకు పశువైద్య కళాశాలలున్నాయి. తిరుపతిలోనూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ పశువైద్య కళాశాలల దగ్గర ఎన్‌సీసీకి ప్రత్యేకంగా గుర్రాల విభాగాలున్నాయి. రిమౌంట్ అండ్ వెటర్నరీ అంటారు. క్యాడెట్లు అక్కడ స్వారీ నేర్చుకుని రిపబ్లిక్ డే శిబిరంలో పోటీపడే స్థాయికి వెళ్తారు. డాక్టరు చదువుతో పాటు స్వారీ చేతికొస్తే దేశంలో ఎక్కడికి వెళ్ళినా గుర్రాల వైద్యుడిగా, శిక్షకుడిగా రెండు విధాలా అక్కరకొస్తుంది. పదో తరగతి తర్వాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా చేసినవాళ్ళకు కూడా లాయాల్లో విలువుంటుంది. సైన్యంలో చేరదలచినవారికి మీరట్ కేంద్రంగా ఉన్న రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ ఉంది. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లకు స్వారీ శిక్షణలో భాగం. నగర పోలీసులకూ గుర్రపు దళం ఉంది. పౌర స్వారీబళ్ళలో పేరున్న శిక్షకుల్లో చాలామంది సైన్యంలోనో పోలీసుల్లోనో పనిచేసి విరమించినవాళ్ళే.

బెంగళూరు శివార్లలో 1996లో మొదలైన ఎంబసీ ఇంటర్నేషనల్ రైడింగ్ స్కూల్ దక్షిణాదిలో పెద్దది. టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచిన ఫవాద్ మీర్జా అక్కడ తయారైనవాడే. అతని తండ్రి గుర్రాల వైద్యుడు. ఇలాంటి పెద్ద బళ్ళలో పని చేస్తూ పైమెట్టు పరీక్షలు రాసుకోవచ్చు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య శిక్షకులకు లెవెల్ 1 నుంచి 3 దాకా మెట్లు పెట్టింది. బ్రిటిష్ హార్స్ సొసైటీ పరీక్షల్లో స్టేజ్ 1లోనే లాయం పని అడుగుతారు. గిట్ట శుభ్రం చేయడం, పరుపు గడ్డి మార్చడం, గుర్రాన్ని భద్రంగా కట్టేయడం. లండన్‌లోనైనా లాయం పని రాకుండా పైమెట్టు ఎక్కనివ్వరు.

ఇంగ్లిషు మాట్లాడటం గురించి మన పిల్లలకు బెంగ ఉంటుంది. నగరాల్లో పాఠం చెప్పాలంటే అది కావాలి, సందేహం లేదు. రెండేళ్ళలో పని మీదే వచ్చేస్తుంది. మన ఊళ్ళ నుంచి హైదరాబాద్ వెళ్ళి ఆఫీసు ఇంగ్లిషు నేర్చుకున్నవాళ్ళను చూస్తూనే ఉన్నాం.

హాంగ్జౌ తర్వాత

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్జౌలో భారత జట్టు ఆసియా క్రీడల్లో డ్రెసాజ్‌లో, అంటే రౌతు సైగలకు గుర్రం లయగా అడుగులు వేసే పోటీలో, స్వర్ణం గెలిచింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా. నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలు. మగ, ఆడ తేడా లేకుండా ఒకే పోటీలో ఒకే నియమాలతో తలపడే ఒలింపిక్ క్రీడ గుర్రపు స్వారీ ఒక్కటే. అనూష్ వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చి, మరుసటి ఏడాది పారిస్‌లో డ్రెసాజ్ ఆడిన తొలి భారతీయుడయ్యాడు.

అశ్వక్రీడల్లో మనకు అంతకుముందు స్వర్ణం వచ్చింది 1982 ఢిల్లీలో. 41 ఏళ్ళ ఎడం. ఆనాడు డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ కలిసిన ఈవెంటింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన రఘుబీర్ సింగ్ సైన్యంలోని 61వ కావల్రీ దఫేదారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1982 పతకాలు సైన్యపు లాయాల నుంచి వచ్చాయి. 2023 పతకం ఐరోపాలో ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన పిల్లల నుంచి వచ్చింది. ఆ స్థాయి నేర్పేవాళ్ళు దేశంలోనే ఉంటే ఇల్లూ వాకిలీ వదిలి అంతదూరం పోవలసిన అవసరం చాలామందికి తప్పుతుంది. మన కొరత గుర్రాల్లో ఉన్నంతగా నేర్పేవాళ్ళలోనూ ఉంది.

డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ కథ నేను ఎక్కడ అవకాశం దొరికినా చెబుతాను. 1944లో, కడుపుతో ఉండగా ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ళ కింద కదలిక తిరిగి రాలేదు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా మరొకరి సాయం కావాలి. డ్రెసాజ్‌లో ఆడవాళ్ళకు తొలిసారి ప్రవేశం దొరికిన 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆమె మగవాళ్ళతో పోటీపడి రజతం గెలిచింది. 1956లో మరోసారి గెలిచింది. ఆ విజయం తర్వాతే వికలాంగులకు స్వారీతో చికిత్స అన్న ఆలోచన ఐరోపాలో ఊపందుకుంది. నడుస్తున్న గుర్రం మీద కూర్చున్నప్పుడు మన తుంటి కదిలే తీరు మనిషి నడిచేటప్పటి కదలికకు చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే మెదడు పక్షవాతమున్న పిల్లలకు వైద్యుల సలహాతో ఇది చేయిస్తారు. దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి, నెమ్మదైన గుర్రం కావాలి, పక్కన నడిచే ఇద్దరు మనుషులు కావాలి. ఇలాంటి కేంద్రం పల్నాడు పిల్లలకు అందుబాటులో ఉండాలన్నది నా గట్టి కోరిక. ఫిజియోథెరపీ కోసం పిల్లను చంకనేసుకుని గుంటూరు బస్సెక్కే తల్లులను చూసినవాళ్ళకు ఈ కోరిక అర్థమవుతుంది.

జీతం, దెబ్బలు

కష్టాల సంగతి దాచడం న్యాయం కాదు. మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువ. చాలాచోట్ల లాయం పక్కనే ఉండటానికి గది ఇస్తారు కాబట్టి గడుస్తుంది. పండగ రోజైనా పశువుకు మేత వేయాల్సిందే, కాబట్టి సెలవులు వంతులవారీగానే. చేతి కింద విద్యార్థులు పెరిగి, వాళ్ళు పోటీల్లో కనబడటం మొదలయ్యాక రాబడి మారుతుంది. సొంతంగా పాఠాలు చెప్పేవాళ్ళు, నాలుగైదు గుర్రాల యజమానులకు వాటిని తయారుచేసి ఇచ్చేవాళ్ళు బాగానే సంపాదిస్తారు. గల్ఫ్ దేశాల లాయాల్లో మనవాళ్ళు గ్రూములుగా చాలామంది ఉన్నారు. అక్కడికి వెళ్ళదలిస్తే ఏజెంటు మాట నమ్మకుండా కాగితాలన్నీ చూసుకుని వెళ్ళాలి.

పడటం తప్పదు. స్వారీ నేర్చుకున్న ఎవరిని అడిగినా మొదటిసారి ఎక్కడ పడ్డారో చెబుతారు. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వని, మడమ ఉన్న బూటు లేకుండా రికాబులో కాలు పెట్టనివ్వని బడిలోనే నేర్చుకోండి. మడమ లేని చెప్పు రికాబులోంచి ముందుకు దూసుకుపోతుంది, పడినప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్ళను ఆ రోజు మళ్ళీ ఎక్కించకూడదు. మొండికేసి ఎక్కిస్తేనే భయం పోతుందన్న పాత మాటను తలదెబ్బల విషయంలో పాటించకండి.

ఆత్రంగా గుర్రం కొనేయడం ఇంకో పొరపాటు. పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పి అలిసిపోయిన గుర్రాలు చవగ్గా దొరుకుతాయి. వాటికి బాజాల చప్పుడంటే భయం, గిట్టల్లో పాత దెబ్బలు ఉంటాయి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికీ సోకుతుంది, ప్రాణాంతకం. రక్తపరీక్ష కాగితం లేకుండా ఏ గుర్రాన్నీ ఇంటికి తెచ్చుకోకూడదు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఇలాంటి పరీక్షలు చేస్తుంది. స్థానిక పశువైద్యుడి ద్వారా నమూనా పంపించవచ్చు.

రెంటచింతల ఎండలో

నేర్చుకుని తిరిగొచ్చినవాడు పల్నాడులోనే ఒక చిన్న స్వారీబడి పెట్టగలడా? పెట్టగలడనే అంటాను, మూడు చిక్కులు విప్పుకుంటే.

స్థలం చిక్కు కాదు. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవున్న స్వారీ మైదానానికి పట్టేది 20 సెంట్లు. పోటీల కొలత 20, 60 మీటర్లది కూడా 30 సెంట్లలో సరిపోతుంది. నేలే అసలు ఇబ్బంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి, నాపరాయి నేల. ఆ గట్టి నేల మీద రోజూ ట్రాట్ చేయిస్తే గుర్రం కాళ్ళు కుంటుపడతాయి. మరోవైపు నల్లరేగడి వానాకాలంలో గిట్టలను లోపలికి లాక్కుంటుంది. నీరు పోయే వాలు పెట్టి, మీద ఇసుక పరచాలి. ఇసుక మరీ లోతైనా కాళ్ళ స్నాయువులు దెబ్బతింటాయి.

ఎండ రెండోది. రెంటచింతల పేరు వేసవిలో రాష్ట్రమంతా వినిపిస్తుంది, 45 డిగ్రీలు దాటే చోటు. మనిషిలాగే గుర్రానికీ చెమటే చలువ. పైగా దాని చెమటలో ఉప్పు మనకంటే ఎక్కువ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాఠం పొద్దెక్కకముందే ముగియాలి. లాయం తూర్పు పడమరలుగా పొడవుగా, ఎత్తు కప్పుతో, గాలి ఆడేలా కట్టాలి. రేకుల షెడ్డు పనికిరాదు, తాటాకో కొబ్బరాకో మేలు. పాఠం కాగానే ఒంటి మీద నీళ్ళు ఆగకుండా పోస్తూ ఉండాలి. తాగడానికి రోజుకు కనీసం 30, 40 లీటర్లు కావాలి, నాకడానికి ఉప్పుగడ్డ ఎప్పుడూ దగ్గరుండాలి.

మేత మన బలం. 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుమేత కావాలి. మన దగ్గర ఎండుగడ్డి, వేరుశనగ కట్టె, ఉలవలు ఉన్నాయి. ఉలవ గుర్రపు దాణాగా పేరుపడ్డదే, నానబెట్టి ఉడికించి పెడితే గుర్రం ఇష్టంగా తింటుంది. పచ్చిజొన్న మాత్రం వద్దు. లేత జొన్నకు నాము అనే విషం ఉంటుందని పశువుల విషయంలో మన రైతులకు చెప్పక్కర్లేదు. గుర్రానికైతే పచ్చిజొన్న మేత మూత్రాశయాన్ని, నడుమును దెబ్బతీస్తుంది. బూజు వాసన వచ్చే వేరుశనగ కట్టెను కూడా పక్కన పడేయాలి.

ఇక మూడో చిక్కు గిట్ట. ఐదారు వారాలకోసారి గిట్ట గోరు కత్తిరించి, నాడా మార్చాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఎక్కువగా రేసుకోర్సుల చుట్టూ, పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఇక్కడి నుంచి పిలిపించుకుంటే రానుపోను ఖర్చుకే బడి రాబడి హరించుకుపోతుంది. మన సంతల్లో ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. చీలిన గిట్టకు రెండు బిళ్ళలు కొట్టే చెయ్యి అది. గుర్రానిది చీలిక లేని ఒకే గిట్ట, మేకు ఏ వాలులో దిగాలో, ఎంత లోపలికి పోతే మాంసానికి తగులుతుందో విడిగా నేర్చుకోవాలి. స్వారీబడి పెట్టాలనుకునే కుర్రాడు హైదరాబాద్‌కో బెంగళూరుకో నేర్చుకోవడానికి బయల్దేరేటప్పుడు, ఆ నాడాల ఇంట్లోని కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఒకరు స్వారీ నేర్చుకునే ఏడాదిలోనే ఇంకొకరు గిట్ట పని నేర్చుకుంటారు, తిరిగొచ్చాక ఇద్దరికీ పని ఉంటుంది.